నీలం దీపం వెలిగితే

శుభవార్త వచ్చేసరికి క్లైవ్ తన పెలికన్ పబ్బు కింద నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చుని బీరు గొట్టాలు కడుగుతున్నాడు.

"క్లైవూ! ఒరేయ్ క్లైవూ! ఎక్కడ చచ్చావురా?"

ఆ గొంతు వినగానే అతనికి నవ్వొచ్చింది. డెబ్బై దాటినా నోయలీన్ గొంతు పిసరంతైనా తగ్గలేదు. ఒకప్పుడు బ్రిస్బేన్ వీధుల్లో రాత్రింబవళ్ళు టాక్సీ నడిపిన మనిషి. బండికి హారన్ లేకపోయినా ఆవిడకి ఫరవాలేదని తుల్లియో ఏడిపించేవాడు.

"కిందున్నాను. మెట్లు తడిగా ఉన్నాయి, దిగకు!"

"దిగను. నువ్వు పైకి రా. వద్దులే, అక్కడే కూర్చో. నిలబడి వింటే పడిపోతావు."

"ఏమైంది?"

"కౌన్సిల్లో ఓటింగ్ అయిపోయింది. పెలికన్‌ని కూల్చడానికి వీల్లేదట! పైకప్పు, అరుగు, తలుపులు, అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉండాలట. కంపెనీ వాళ్ళ ముప్పై అంతస్తుల మేడ ఇంకెక్కడైనా కట్టుకోవాల్సిందే!"

క్లైవ్ చేతిలోంచి బ్రష్ జారి బకెట్లో పడింది. ఏడాదిన్నరగా అతను ఈ కబురు కోసం ఎదురు చూస్తున్నాడు. సంతకాలు సేకరించాడు, మైకు ముందు నిలబడి మాట్లాడాడు. ఆ మాట ఇప్పుడు తడి మెట్ల మీదుగా దొర్లుకుంటూ వస్తే, చప్పట్లు కొట్టాలో ఏడవాలో తెలియక తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇంకా ఉంది విను," నోయలీన్ ఫోన్ కళ్ళకి దూరంగా పట్టుకుని చదివింది. "ముందు గదిలోని పచ్చ టైల్స్ నేలని తవ్వకూడదు, మార్చకూడదు, దాని మీద ఇంకేదీ పరవకూడదు. వింటున్నావా? అది మన తుల్లియో వేసిన నేలరా!"

అప్పుడు క్లైవ్ నిజంగానే తడి మెట్టు మీద కూలబడ్డాడు. బాగుంది, ముందు తుల్లియోకి చెప్పాలి అనుకున్నాడు. ముప్పై ఐదేళ్ళుగా అలవాటు అది. మామిడిపండు తియ్యగా ఉన్నా, చెత్త డబ్బా మీద వాలిన కొంగ ఎవరి టోపీనో ఎత్తుకుపోయినా, ముందు తుల్లియోకే చెప్పాలి.

ఆ వెంటనే గుర్తొచ్చింది. తుల్లియో తన మొహం చూసి నెల దాటింది.

అతను మెల్లిగా పైకొచ్చాడు. నోయలీన్ అప్పటికే రెండు చిన్న గ్లాసుల్లో బీరు పోసి పెట్టింది. ఉదయం పదకొండింటికి పబ్బులో ఇంకెవరూ లేరు. పచ్చ టైల్స్ మీద కిటికీ ఎండ పడి, గదంతా లోతులేని చెరువులా మెరుస్తోంది.

"ఇది తాగి, బయల్దేరు," అందావిడ.

"ఎక్కడికి?"

"తెలియనట్టు అడక్కు. కేర్ హోమ్‌కి. నువ్వే వెళ్ళి చెప్పు."

"వాడు నన్ను చూడగానే కళ్ళు మూసుకుంటాడు నోయలీన్."

"చెవులు మూసుకోలేడుగా! ఒక చెయ్యి పడిపోయింది వాడికి." అనేసి, తన మాటకి తనే నొచ్చుకుని, గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "సోమవారం వాళ్ళక్క వాణ్ణి ఇంగమ్ తీసుకెళ్ళిపోతోంది. అక్కడికి కార్లో రెండు రోజుల దారి. ఆ తర్వాత నువ్వు చెప్పాలనుకున్నా వినేవాడుండడు."

"వాడే తలూపాడు, వెళ్తానని."

"ఎందుకు ఊపాడో నీకు తెలుసు."

తెలుసు. క్లైవ్ గ్లాసు ముట్టుకోలేదు.

* * *

క్లైవ్, తుల్లియో కలిసింది ఈ పబ్బు వెనక గదిలోనే. కలిసిన రాత్రే పోట్లాడుకున్నారు.

అప్పట్లో పెలికన్ డల్సీగారిది. భర్త పోయిన మనిషి, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. మగాణ్ణి ప్రేమించే మగాళ్ళూ, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళూ తన వెనక గదిలో డాన్స్ చేసుకుంటే ఆవిడకేం అభ్యంతరం లేదు. గ్లాసులు పగలగొడితే మాత్రం చెవి మెలేసేది. ఊళ్ళో అప్పుడు ఇలాంటి వాళ్ళు దొరికితే జైలే. కొన్నాళ్ళకి, వాళ్ళకి గ్లాసు పోసినా నేరమే అని ఇంకో చట్టం కూడా వచ్చింది. పోలీసులు వారానికోసారైనా వచ్చి తొంగి చూసేవాళ్ళు.

అందుకని డల్సీగారు గల్లాపెట్టె కింద కాలితో నొక్కే మీట ఒకటి పెట్టించింది. వీధిలో పోలీసు టోపీ కనబడగానే ఆవిడ నొక్కేది. వెనక గది అద్దం పైన నీలం దీపం వెలిగేది. అంతే! పాట ఆగకుండానే జంటలు మారిపోయేవి. ప్రతి మగవాడూ తనతో ఉన్నవాడి చెయ్యి వదిలేసి, ముందే మాట్లాడుకున్న ఆడదాని నడుం పట్టుకునేవాడు. పోలీసు తలుపు తోసేసరికి అది ఏ పెళ్ళిరోజు పార్టీలోనో జరిగే డాన్సులా ముచ్చటగా ఉండేది. క్లైవ్‌కి దీపం జంట నోయలీన్.

తుల్లియోకి ఇదేం తెలియదు. ఇంగమ్ చెరుకు తోటల్లోంచి బ్రిస్బేన్ వచ్చి నెలైంది. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం, టైల్స్ పని. గోళ్ళలో సిమెంటు, తలకి బోలెడు నూనె, మెడలో వాళ్ళమ్మ కట్టిన చిన్న శిలువ. గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు.

"డాన్స్ చేస్తావా?" క్లైవ్ అడిగాడు. రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేసే క్లైవ్‌కి అంతకు మించి మాటలు రావు.

"నీ కాళ్ళు తొక్కుతాను."

"బూట్లు పాతవేలే."

నిజంగానే తొక్కాడు. రెండు పాటలు తొక్కాడు. మూడో పాటకి అడుగు కుదిరింది. కుదిరిందని తనకే ఆశ్చర్యమేసి తలెత్తి నవ్వాడు. ఆ నవ్వులో పైపన్ను ఒకటి కొంచెం విరిగి ఉండటం క్లైవ్ చూశాడు. ఇక ఈ పన్నుని రోజూ చూడాలి అనిపించింది.

సరిగ్గా అప్పుడు దీపం వెలిగింది.

క్లైవ్ చెయ్యి వదిలేశాడు. ఆలోచించను కూడా లేదు. నోయలీన్ ఎప్పటిలాగే వచ్చి అతని భుజం మీద తల ఆనించి "ఇవాళ ఏ సబ్బురా, భలే వాసన" అంది. గది మధ్యలో తుల్లియో చేతులు గాలిలో ఉండగా ఒంటరిగా నిలబడిపోయాడు.

అతన్ని కాపాడింది డల్సీగారే. భుజాన తువ్వాలుతో వచ్చి చటుక్కున అతని చెయ్యి తన నడుం మీద వేసుకుంది. "నవ్వు బాబూ. ఏడుపేదైనా ఉంటే తర్వాత ఏడుద్దువుగాని."

పోలీసులు చూశారు, గొణుక్కున్నారు, వెళ్ళిపోయారు. దీపం ఆరింది. తుల్లియో కూడా విసవిసా వెళ్ళిపోయాడు.

బయట వాన. బ్రిస్బేన్ వానకి చినుకులతో పనిలేదు. ఎవరో పైనుంచి తొట్టె బోర్లించినట్టే. క్లైవ్ వెనకే పరిగెత్తాడు.

"ఆగు! ఏయ్, ఆగు!"

"నీ పెళ్ళాం చూస్తుంది, వెళ్ళు!"

"పెళ్ళామా? ఎవరు, నోయలీనా?" క్లైవ్ వానలోనే పగలబడి నవ్వాడు. "ఆవిడకి మగాడితో టైరు మార్పించుకోవడం కూడా ఇష్టం ఉండదు."

"నన్ను అందరి మధ్యా చెత్త విసిరేసినట్టు విసిరేశావు!"

"నీలం దీపం వెలిగింది కదా!"

"వెలిగితే?"

అప్పుడు చెప్పాడు, దీపం సంగతంతా. చూరు కింద నిలబడి, చొక్కాలు పిండుకుంటూ. తుల్లియో కోపం సగం దిగింది. మిగతా సగం దింపడం అతనికి ఇష్టంలేనట్టుంది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నా. ఇంతలో నువ్వు నవ్వావు. మర్చిపోయాను."

తుల్లియో చాలాసేపు వానకేసి చూశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అయితే దీపం వెలిగినప్పుడల్లా నన్ను వదిలేస్తావన్నమాట."

"వదలాలి. లేకపోతే ఇద్దరం లోపలికి పోతాం."

"ఆరాక?"

"ఆరాక మళ్ళీ పట్టుకుంటాను."

వారం తిరిగేసరికి తుల్లియో మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో తాపీ, భుజాన సిమెంటు బస్తా. ముందు గది నేల పెచ్చులూడిపోతోందని డల్సీగారితో బేరమాడి తనే పని పుచ్చుకున్నాడట. వారంలో అయ్యే పనిని రెండు నెలలు చేశాడు. రైల్వే డ్యూటీ అవగానే క్లైవ్ వచ్చి టైల్స్ అందించేవాడు. ఇంత మెల్లిగా పనిచేసే మేస్త్రీని తన జన్మలో చూడలేదని డల్సీగారు ఊరంతా చెప్పుకుంది.

* * *

తర్వాత ఎయిడ్స్ జబ్బు వచ్చింది. కిటికీ దగ్గర టేబులు మొదట ఖాళీ అయింది. అక్కడ కూర్చునే కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు సన్నబడి, కోట్లు వదులై, రావడం మానేశారు. పియానో వాయించే అలిస్టెయిర్‌ని తుల్లియో సొంత తమ్ముడిలా చూసుకున్నాడు. ఆసుపత్రిలో జబ్బు తమకి అంటుతుందన్న భయంతో అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. తుల్లియో రోజూ పనికి వెళ్ళేముందు వెళ్ళి అతనికి తినిపించేవాడు. పక్కబట్టలకి సిమెంటు అంటుకుంటుందని నర్సులు తిడితే, సిమెంటుతో ఎవరూ చావరులెండి అనేవాడు.

అలిస్టెయిర్ అంత్యక్రియల్లో వాళ్ళ అమ్మానాన్నా ఒక వైపు నిలబడ్డారు, పెలికన్ వాళ్ళు ఇంకో వైపు నిలబడ్డారు. పెట్టె దింపుతుంటే తుల్లియో తూలాడు. పడిపోకుండా పక్కనున్న క్లైవ్ చేతిని పట్టుకున్నాడు.

అలిస్టెయిర్ తండ్రి తలెత్తి అటు చూశాడు.

క్లైవ్ చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

ఇద్దరూ ఇంటికొచ్చారు. గుమ్మంలో బూట్లు విప్పుతూ తుల్లియో అన్నాడు. "అక్కడ దీపం లేదు కదా క్లైవ్."

కొన్నాళ్ళకి చట్టం పోయింది. డల్సీగారు ఆ రాత్రి కుర్చీ ఎక్కి తన చేత్తోనే నీలం దీపం ఊడదీసింది. అందరూ తాగారు, ఏడ్చారు. ఆవిడ పోయాక పబ్బు క్లైవ్ చేతికొచ్చింది. కొత్త పిల్లలొచ్చారు. చేతులు పట్టుకునే వచ్చారు, పట్టుకునే వెళ్ళారు, వీధిలో కూడా వదల్లేదు. వాళ్ళని చూస్తుంటే క్లైవ్‌కి ఎంత ముచ్చటేసేదో! ఆ తర్వాత వాళ్ళు ఫోన్లలోనే కలుసుకోవడం మొదలుపెట్టి పబ్బుకి రావడం తగ్గించారు.

క్లైవ్ మాత్రం మారలేదు. నాలుగు గోడల మధ్య అతనంత ప్రేమించేవాడు ఇంకొకడుండడు. తుల్లియో తాగే కాఫీకి పాలు వేడిచేసేవాడు, చలికాలం అతని సాక్సులు హీటర్ మీద పెట్టి ఉంచేవాడు, అతను పాడే శ్రుతి తప్పిన పాటకి ఈల కలిపేవాడు. గుమ్మం దాటితే మాత్రం రెండడుగుల దూరం. పక్కింటావిడ అడిగితే "మా ఇంట్లో అద్దెకుంటాడండీ" అనేవాడు.

"ఇన్నేళ్ళ నుంచీ అద్దెకుంటున్నా కదా," తుల్లియో నవ్వుతూనే అనేవాడు, "ఒక్కసారైనా కొళాయి బాగుచేయించవేంరా ఇంటి ఓనరూ?"

వాళ్ళలాంటి వాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చిన రోజు కూడా తుల్లియో అడిగాడు. ఈ వయసులో మనకెందుకురా, నలుగురూ నవ్విపోతారు అన్నాడు క్లైవ్. తుల్లియో మళ్ళీ అడగలేదు.

నెలన్నర కింద పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ తుల్లియో కూలిపోయాడు. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఎప్పుడైనా ఒకటీ అరా ముక్క పలుకుతాడు, అంతే. గుండె కూడా బాగా అలిసిపోయిందని, ఎక్కువ కాలం ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి నుంచి కేర్ హోమ్‌కి తీసుకెళ్ళిన రోజు, చేర్చుకునే గదిలో కళ్ళద్దాలాయన ఒకరు మర్యాదగానే అడిగారు.

"మీరు ఆయనకి ఏమవుతారండీ?"

వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. చక్రాల కుర్చీలో తుల్లియో తలెత్తి చూశాడు. మాట రాని మనిషి కళ్ళు ఎంత వెలుగుతాయో అప్పుడే చూశాడు క్లైవ్. జవాబు నువ్వే చెప్పు, నేను చెప్పలేను అన్నట్టున్నాయి ఆ కళ్ళు.

"స్నేహితుణ్ణి," అన్నాడు క్లైవ్. "మా ఇంట్లో అద్దెకుంటారు."

నోరు తనంతట తనే ఆ మాట అనేసింది. అనేశాక ఎంత వెనక్కి లాగినా రాలేదు. తుల్లియో మొహం మెల్లిగా కిటికీ వైపు తిప్పుకున్నాడు. అప్పటి నుంచి తిప్పుకునే ఉన్నాడు.

స్నేహితుడే కాబట్టి డాక్టర్లు క్లైవ్‌తో మాట్లాడటం మానేశారు. ఇంగమ్‌లో ఉన్న అక్క అసుంతాకి ఫోన్ చేశారు. తమ్ముడికి ఇక్కడ అయినవాళ్ళెవరూ లేరట కదా, మా ఊరి కేర్ హోమ్‌కి తెచ్చుకుంటాను అందావిడ. తుల్లియోని అడిగితే, తలూపాడు.

* * *

నోయలీన్ కారు కేర్ హోమ్ ముందు ఆగేసరికి మబ్బు కమ్మింది.

"నేనూ రానా?"

"వద్దు."

"మళ్ళీ అద్దె కబుర్లు చెప్పావంటే అద్దాలు దించి, నీ గుట్టు అరుస్తూ ఊరంతా తిప్పుతా, జాగ్రత్త!"

కారు దిగి గుమ్మం చేరేలోపే వాన దబ్బున పడింది. పెద్ద గదిలోకి వెళ్ళేసరికి క్లైవ్ నిలువునా తడిసి ఉన్నాడు. అక్కడ బింగో ఆట నడుస్తోంది. ఫిజీ నుంచి వచ్చిన నర్సు లిటియా చేతిలో డబ్బా గలగలలాడించి నెంబర్లు చదువుతోంది. ముసలివాళ్ళు పది పన్నెండు మంది తమ నెంబర్ల అట్టల మీద వంగి ఉన్నారు. కిటికీ పక్కన, ఆటకి వీపు పెట్టి, తుల్లియో.

క్లైవ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తుల్లియో కళ్ళు మూసుకున్నాడు.

"సరే, మూసుకో. ఒక కబురు చెప్పి వెళ్ళిపోతాను. పెలికన్ నిలబడింది. కూల్చరు."

రెప్ప కదల్లేదు.

"నీ నేల ఉంది చూడు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదట. కౌన్సిల్ వాళ్ళు రాసి మరీ ఇచ్చారు."

ఒక కన్ను సగం తెరుచుకుంది.

"గుమ్మం దగ్గర ఒక టైల్ వంకరగా వేశావు కదా, నేను ముద్దు పెట్టుకుంటే చెయ్యి జారిందని నా మీద తోసేశావు. అదీ అంతేనట. చట్టప్రకారం అది వంకరగానే ఉండాలి."

తుల్లియో గొంతులోంచి చిన్న చప్పుడొచ్చింది. నవ్వే. నోటి ఎడమ చివర వణికింది, విరిగిన పన్ను కొంచెం కనబడింది. క్లైవ్ గుండె ఒక్కసారి ఎగిరింది. కానీ తుల్లియోకి ఏదో గుర్తొచ్చినట్టు, ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"క్లైవ్ గారూ, వచ్చారా!" లిటియా నెంబర్ల మధ్యలో పలకరించింది. "సోమవారం ప్రయాణానికి ఆయన బట్టలు సర్దాలండీ. వాళ్ళక్కగారు ఫోన్లో అడిగారు, ఇక్కడ సొంతవాళ్ళెవరైనా ఉంటే దగ్గరుండి సర్దమనండి అని. ఎవరూ లేరన్నాను. స్నేహితులు కదా, మీకేమైనా వీలవుతుందా?"

క్లైవ్ లేచి నిలబడ్డాడు. చొక్కా అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పది పన్నెండు మొహాలు అతని వైపు తిరిగాయి. అదే పాత భయం, పోలీసు టోపీ పెట్టుకున్న భయం. ఇక్కడున్నదల్లా అట్టలు పట్టుకున్న బామ్మలూ, నిద్రపోతున్న ఒక తాతా. అయినా కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"నేను స్నేహితుణ్ణి కాదు లిటియా," అన్నాడు. గొంతు పూర్తిగా పెగల్లేదు. "ఆయన నా మనిషి. నేను ఆయన మనిషిని."

లిటియా చేతిలో డబ్బా ఆగింది.

వెనక నుంచి గరగరమన్న గొంతు. "గ... గట్టిగా."

క్లైవ్ వెనక్కి తిరిగాడు. తుల్లియో కళ్ళు రెండూ తెరిచి ఉన్నాయి. నీళ్ళు నిండి ఉన్నాయి. కోపం కూడా ఇంకా వాటిలోనే ఉంది.

"గట్టిగా," అన్నాడు మళ్ళీ.

"ఆయన నా మనిషి!" ఈసారి క్లైవ్ అరిచినంత పని చేశాడు. "ముప్పై ఐదేళ్ళుగా! అద్దెకి లేడు, ఎప్పుడూ లేడు, ఒక్క రోజు కూడా లేడు. నేను అబద్ధం చెప్పాను. ఇదిగో, ఈయన ముందే చెప్పాను. నాకంటే పిరికివాడు ఈ ఊళ్ళో..." మోకాళ్ళ మీద కూర్చుండిపోయి తుల్లియో ఒళ్ళో మొహం పెట్టుకున్నాడు.

ముందు వరసలో ఊలు టోపీ పెట్టుకున్న బామ్మగారు కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఆ సంగతి మాకు మొదటి రోజే తెలుసు నాయనా. ఏ ఇంటి ఓనరూ అద్దెకున్నవాడి దిండు అలా నాలుగుసార్లు తట్టడు. లిటియా తల్లీ, నాకింకొక్క నెంబరే కావాలి. చదువు."

లిటియా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నెంబరు చదివింది. అది బామ్మగారిది కాదు. ఆవిడ ఘాటుగా ఒక తిట్టు తిట్టింది.

తుల్లియో ఎడమ చెయ్యి మెల్లిగా వచ్చి క్లైవ్ తడి జుట్టు మీద పడింది. పడటం బరువుగానే పడింది, దెబ్బలా. తర్వాత అక్కడే ఉండిపోయింది.

"పి... పిరికి," అన్నాడు.

"అవును."

"ముసలి... గాడిద."

"అదీ నిజమే."

కాసేపటికి లిటియా ఫోన్ తెచ్చిచ్చింది. అసుంతా అక్కతో క్లైవ్ అంతకు ముందు రెండుసార్లే మాట్లాడాడు, రెండుసార్లూ ఇంటి ఓనరు గానే. ఇప్పుడు తడబడుతూ మొత్తం చెప్పాడు. అటువైపు చెరుకు లారీ ఏదో పోతున్న చప్పుడు.

"అక్కా, ఉన్నారా?"

"ఉన్నానయ్యా. నాకు తెలియదనుకున్నావా? ముప్పై క్రిస్మస్‌లుగా వాడి కార్డు మీద రెండు పేర్లుంటాయి. చేతిరాత వాడిది, స్పెల్లింగులు సరిగ్గా ఉంటాయి. వాడికి అంత చదువు లేదు, పక్కనుండి చెప్పేవాడెవడో ఉండాలి." గొంతు సర్దుకుంది. "నువ్వెవరూ కాదన్నావట. నువ్వే ఎవరూ కాకపోతే మరి వాణ్ణి అక్కడ ఒంటరిగా ఎలా వదలమంటావు? అందుకే వస్తానన్నా."

"ఇప్పుడు తీసుకెళ్తారా?"

"అది వాణ్ణి అడుగు."

క్లైవ్ అడగలేకపోయాడు. ఫోన్ తుల్లియో చెవి దగ్గర పెట్టాడు. అక్క ఏదో వాళ్ళ భాషలో అడిగింది. తుల్లియో విన్నాడు. కళ్ళు క్లైవ్ మీదే పెట్టి, ఎంతో కష్టపడి, ఒక్కో అక్షరాన్నీ రాయిలా పైకి లేపుతూ, "ఇక్కడే," అన్నాడు.

ఫోన్లో అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపయ్యాక గట్టిగా ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "సరే. టికెట్టు ఎలాగూ కొన్నాను, ముందుకి జరుపుకుంటా. రేపు మధ్యాహ్నం విమానానికి వస్తాను. ఆ పబ్బేదో నేను ఇంతవరకూ చూడలేదు. వాడి నేల చూపించండి నాకు. వాడికి ఓపిక ఉండగానే చూడాలి."

డాక్టరు చెప్పింది ముగ్గురికీ తెలుసు.

ఫోన్ పెట్టేశాక వాన కొంచెం తగ్గింది. కిటికీ అవతల నది మీద పడవ ఒకటి మబ్బు చీకటికి దీపాలు వేసుకుని వెళ్తోంది. పోయిన ముప్పై ఐదేళ్ళలో వీధిలో తుల్లియో చెయ్యి పట్టుకోని ప్రతి సాయంత్రమూ క్లైవ్‌కి గుర్తొచ్చింది. ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకోవద్దనుకున్నాడు.

"రేపు ఎలా చేద్దాం?" అన్నాడు. "నోయలీన్ బండి పెద్దదే, కుర్చీ పడుతుంది. లిటియాని అడిగి..."

తుల్లియో వద్దన్నట్టు వేలెత్తాడు. ఆ ఏర్పాట్లు తనే చెయ్యాలనుకున్నాడు. మాటలు పోగేసుకోవడానికి చాలాసేపు పట్టింది. క్లైవ్ ఒక్క మాట కూడా అందించలేదు, కాచుకుని కూర్చున్నాడు.

"రేపు," అన్నాడు తుల్లియో. ఎడమ చెయ్యి ఎత్తి మాసిన చెంప మీద రుద్దుకున్నాడు. "పొద్దున్నే... గడ్డం. నువ్వే గీయాలి. తర్వాత... అక్క. తర్వాత... పెలికన్."